అండమాన్‌లో విమానం దిగాక: ఊళ్ళోకి ఎలా, హేవ్‌లాక్, నీల్‌లకి ఏ పడవలో?

అండమాన్‌కి విమానం టికెట్లు తీసుకున్నవాళ్ళు ముందు అడిగేది "ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి ఎలా వెళ్ళాలి" అని. ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే తేలికైన ముక్క అదే, పావుగంట పని. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది: దిగిన రోజే హేవ్‌లాక్, నీల్ లాంటి దీవికి వెళ్ళిపోవాలా, ఒక రాత్రి ఊళ్ళో, అంటే విమానం దిగే పోర్ట్ బ్లెయిర్‌లో, ఆగాలా, గవర్నమెంటు పడవా ప్రైవేటు పడవా, ముందు హేవ్‌లాక్ దీవికా, నీల్ దీవికా. వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది, తిరిగొచ్చే విమానానికి ముందు రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నది. దాన్ని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నన్నడిగితే ప్లాను అక్కడి నుంచి వెనక్కి వేసుకుంటూ రావాలి.

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం అన్నారు. టికెట్ మీద కొత్త పేరు ఉంటుంది, ఆటో అతని నోట్లో పాత పేరు ఉంటుంది, రెండూ ఒకటే, కంగారు పడకండి. ఇక్కడ నేను జనం పిలిచే పాత పేర్లే ఎక్కువగా వాడుతున్నాను.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మీ విమానం ఎన్నింటికి దిగుతుందన్నది మొదటిది, మిగతావన్నీ దాని తర్వాతే. పెద్ద దీవులకి పడవలు రాత్రిపూట తిరగవు. పైగా అండమాన్ మనకి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి అక్కడ తెల్లవారడమూ త్వరగానే, చీకటి పడడమూ త్వరగానే. డిసెంబరులో సాయంత్రం ఐదుకల్లా పొద్దు గుంకుతుంది. అందుకే పడవల టైమింగులు రెండు గుంపులుగా ఉంటాయి, తెల్లారి ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒకటి, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఇంకొకటి. సీజన్‌ని బట్టి అటూ ఇటూ జరుగుతుంటాయి గానీ సాయంత్రం నాలుగింటికి దిగి పడవ పట్టుకుందామంటే కుదరదు.

రెండోది మీతో వచ్చేవాళ్ళ కడుపు. బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కితేనే వాంతులయ్యేవాళ్ళు ఇంట్లో ఉంటే పడవ ఎంపిక మొత్తం మారిపోతుంది. మూడోది సీజను, నాలుగోది డబ్బు, ఐదోది లగేజీ. చాలామంది డబ్బు దగ్గర మొదలుపెడతారు గానీ, ఇద్దరు మనుషులకి పడవ టికెట్ల మీద మిగిలే రెండు మూడు వేల కోసం ఒక పగలంతా పోగొట్టుకోవడం నాకైతే లాభసాటిగా అనిపించదు. ఆరు నెలలు తిరగడానికి బయల్దేరినవాళ్ళ లెక్క వేరు, వాళ్ళ సంగతి కింద చెప్తాను.

## ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి

వీర్ సావర్కర్ విమానాశ్రయం దాదాపు ఊళ్ళోనే ఉంది. 2023 జులైలో గవ్వ ఆకారంలో కట్టిన కొత్త టెర్మినల్ తెరిచారు, పాత టెర్మినల్‌తో పోలిస్తే బాగా పెద్దది. అక్కడి నుంచి ఊరి మధ్య అబర్డీన్ బజారుకైనా, పడవలెక్కే రేవులైన ఫీనిక్స్ బే జెట్టీకైనా, హడ్డో జెట్టీకైనా నాలుగైదు కిలోమీటర్లే.

| ఎలా | ఖర్చు సుమారుగా | ఎవరికి బాగుంటుంది |
|---|---|---|
| హోటల్ వాళ్ళ కారు | కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల టాక్సీ అంత | పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు |
| ప్రీపెయిడ్ టాక్సీ | 400–500 రూపాయలు | నలుగురు, పెద్ద సూట్‌కేసులు |
| ఆటో | 200–300 రూపాయలు | ఇద్దరు ముగ్గురు, మామూలు లగేజీ |
| సిటీ బస్సు | పది ఇరవై రూపాయలు | వీపు సంచి ఒక్కటే ఉన్నవాళ్ళు |

ఇంతకుమించి దీని గురించి బుర్ర చెడగొట్టుకోకండి. మెయిన్ రోడ్డు దాకా నడిస్తే బస్సు దొరుకుతుంది, బజారు దగ్గరి బస్టాండులో దింపేస్తుంది. హైదరాబాద్ అలవాటుతో ఫోన్ తీసి క్యాబ్ యాప్ తెరిచి నిలబడితే మాత్రం అక్కడే నిలబడిపోతారు, ఆటో అతనితో బేరమాడుకోవడమే దారి. ఆ బేరం తెలుగులో ఆడే అవకాశమూ లేకపోలేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి తరతరాలుగా అక్కడ స్థిరపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు, మొదటి రెండు ముక్కలు హిందీలో మాట్లాడి మూడో ముక్కకి "మీదే ఊరండీ?" అని అడిగినా అడుగుతారు.

ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పడవకే వెళ్తుంటే ఆటో ఎక్కేముందు టికెట్‌ని ఒకసారి బాగా చూడండి. గవర్నమెంటు పడవలు ఫీనిక్స్ బే నుంచి, ప్రైవేటువి ఎక్కువగా హడ్డో నుంచి బయల్దేరతాయి. "జెట్టీకి పోనియ్" అంటే ఏ జెట్టీకి పోనిస్తాడో అతనికి తోచినట్టు పోనిస్తాడు. రాస్ ఐలాండ్‌కి వెళ్ళే చిన్న పడవల జెట్టీ మళ్ళీ వేరు, అది అబర్డీన్ వైపు వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గర ఉంటుంది.

## దిగిన రోజే దీవికా, ఒక రాత్రి ఆగాలా?

ఉదయం తొమ్మిదిన్నర, పదిలోపు దిగే విమానమైతే మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత పడవకి టికెట్ తీసుకోవచ్చు. విమానం దిగే టైముకీ పడవ కదిలే టైముకీ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలని నా లెక్క. పడవ దగ్గర కూడా గంట ముందే ఉండమంటారు, బ్యాగులు స్కాన్ చేస్తారు, గుర్తింపు కార్డు చూస్తారు, దాదాపు ఇంకో విమానం ఎక్కినట్టే ఉంటుంది. అంటే మూడు గంటల్లో మీ చేతిలో మిగిలేది రెండే, అందులో బెల్ట్ మీద బ్యాగు రావడం, ఆటో, ఏదో ఒకటి తినడం.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు పదకొండున్నరకి దిగే విమానానికీ రెండు గంటల పడవకీ ముడి పెట్టుకున్నాం, కాగితం మీద భేషుగ్గా కనిపించింది. విమానం ముప్పావుగంట ఆలస్యమైంది. పడవైతే అందింది గానీ అన్నం లేదు, నీళ్ళ సీసా కొనుక్కునే తీరిక లేదు, ఖాళీ కడుపుతో సముద్రం మీదికెళ్ళి మా ఆవిడ పడ్డ బాధ ఇప్పటికీ ఇంట్లో నా మీద కేసుగానే ఉంది. అందుకే చెప్తున్నాను, పదకొండు దాటి దిగే విమానమైతే ఆ రాత్రి ఊళ్ళోనే ఆగండి.

ఆగితే ఆ పూట వృథా కూడా కాదు. మధ్యాహ్నం సెల్యులార్ జైలు చూసి, సాయంత్రం అక్కడే సౌండ్ అండ్ లైట్ షో చూడొచ్చు. ఒక్కటే చిక్కు, జైలు సోమవారం మూసి ఉంటుంది. బుధవారం రాస్ ఐలాండ్ మూసి ఉంటుంది. మీరు ఏ వారం దిగుతున్నారో చూసుకుని ఈ రెంటినీ మొదటి రోజుకో ఆఖరి రోజుకో సర్దుకోండి.

## అసలు ఎంపిక: ఏ పడవ?

| | గవర్నమెంటు ఫెర్రీ | ప్రైవేటు పడవ (కాటమరాన్) | హెలికాప్టర్ |
|---|---|---|---|
| హేవ్‌లాక్‌కి పట్టే టైము | రెండున్నర గంటలు | గంటన్నర నుంచి రెండు | అరగంట లోపే |
| ఖర్చు | కొన్ని వందలు | 1,500 అటూ ఇటూ మొదలై పైకి | అన్నిటికంటే ఎక్కువ |
| టికెట్ ముందుగా | కొన్ని రోజుల ముందు మాత్రమే తెరుస్తారు | నెలల ముందే దొరుకుతుంది | నమ్మకం లేదు |
| బయట నిలబడడం | డెక్ మీద హాయిగా | చాలావాటిలో కుదరదు | – |
| లగేజీ | పెద్దగా పట్టించుకోరు | సాధారణంగా 20–25 కిలోలు | 5 కిలోలు |

హెలికాప్టర్‌ని ముందే పక్కన పెట్టేద్దాం. పవన్ హంస్ నడిపే ఆ సర్వీసు దీవుల్లో ఉండేవాళ్ళకీ, ఆసుపత్రి అవసరాలకీ. వాళ్ళ తర్వాత సీటు మిగిలితే మనకి ఇస్తారు, అది కూడా అయిదు కిలోల సంచితో. దాన్ని నమ్ముకుని పడవ టికెట్ తీసుకోకపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

ఇక పోటీ రెంటి మధ్యే. ప్రైవేటులో మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్, ఐటీటీ మెజెస్టిక్ లాంటివి తిరుగుతాయి. ఏసీ హాలు, నంబరు సీట్లు, టీవీ, చిన్న తినుబండారాల కౌంటరు. చాలావాటిలో పడవ కదిలాక లోపలే కూర్చోవాలి, సముద్రాన్ని అద్దంలోంచి చూడాలి. గ్రీన్ ఓషన్‌లో పైకెక్కి డెక్ మీద నిలబడే వీలుంటుంది, అదే కావాలనుకునేవాళ్ళు కొంచెం నెమ్మదిగా వెళ్ళినా దాన్నే ఎంచుకుంటారు. ఒకే పడవలో రెండు మూడు రకాల క్లాసులు ఉంటాయి, పై క్లాసుకి ఎక్కువ డబ్బు పెడితే సీటు మెత్తగా ఉంటుంది, ముందు దిగొచ్చు, అంతే. పడవ ఊగినప్పుడు అందరికీ ఊగుతుంది. పైగా పై అంతస్తు ఇంకొంచెం ఎక్కువ ఊగుతుంది! కడుపులో దేవే రకమైతే తక్కువ క్లాసే తీసుకుని కింది అంతస్తులో మధ్యకో వెనక్కో సీటు అడగండి. ముందు వరస మంచి వ్యూ ఇస్తుంది గానీ ప్రతి అలకీ లేచి పడేది అదే.

అసలు కాటమరాన్ అన్న మాట మన పక్కింటి తమిళ కట్టుమరం, దుంగలు కట్టిన తెప్ప. ఇప్పటిదానికి రెండు పొట్టలు ఉంటాయి, అందుకని పక్కలకి తక్కువ ఊగుతుంది. కానీ వేగంగా పోతుంది కాబట్టి ఎదురు అలలు వచ్చినప్పుడు దబ్‌దబ్‌మని కొట్టుకుంటూ పోతుంది. గవర్నమెంటు పడవ మామూలు ఓడలాగా ఒకే పొట్ట, నెమ్మదిగా ఉయ్యాల ఊగినట్టు పక్కలకి ఒరుగుతుంది. ఎవరి కడుపుకి ఏది పడదో ఎక్కేదాకా తెలీదు. నాకు తెలిసినంతలో బయట గాలి తగులుతూ దూరంగా నేల గీత కనిపిస్తుంటే తిప్పడం బాగా తగ్గుతుంది, ఆ సుఖం ఏసీ హాల్లో ఉండదు. అనుమానం ఉంటే బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందే అవొమిన్ లాంటి మాత్ర వేసుకోండి, పిల్లలకైతే డాక్టర్ని అడిగి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే ఆ మాత్ర కూడా బయటికే వస్తుంది.

గవర్నమెంటు ఫెర్రీ మీద నాకు కొంచెం ప్రేమ ఎక్కువని ఒప్పుకుంటాను. కూరగాయల బుట్టలు, స్కూలు పిల్లలు, ఊరికి పోయొచ్చే ఉద్యోగులు, ఆ మనుషుల మధ్య రెండున్నర గంటలు ఎలా గడుస్తాయో తెలీదు, అదృష్టం బాగుంటే పడవ ముందు ఎగిరే చేపలు కనిపిస్తాయి. కష్టమల్లా టికెట్టు. కొద్ది రోజుల ముందు మాత్రమే అమ్మకం తెరుస్తారు, ఆన్‌లైన్‌లో దొరికినా సీట్లు త్వరగా అయిపోతాయి, దీవులవాళ్ళకి ప్రాధాన్యం ఉంటుంది, అది న్యాయమే, ఎందుకంటే వాళ్ళకది మన పల్లెవెలుగు బస్సు. డిసెంబరు ఆఖరు వారంలో ఫ్యామిలీతో వెళ్తూ దీన్ని నమ్ముకోవద్దు.

## ముందు హేవ్‌లాకా, నీలా?

చాలామంది పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్, మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ అని ఒక చుట్టు చుడతారు. దారి కలిసొస్తుంది, హేవ్‌లాక్ నుంచి నీల్‌కి గంట లోపే, నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ప్రైవేటు పడవలో గంట, గంటన్నర. తిప్పి చుట్టినా ఇబ్బందేం లేదు, మీకు దొరికిన టికెట్లని బట్టి పోండి.

రెంటిలో ఒక్కదానికే టైము ఉంటే? మూడు రాత్రులకి మించి లేనివాళ్ళు రెండు దీవులూ పెట్టుకోవద్దు, సగం సెలవు జెట్టీల దగ్గర క్యూలోనే పోతుంది. స్కూబా నేర్చుకోవాలన్నా, రాధానగర్ బీచ్ చూడాలన్నా హేవ్‌లాక్. అక్కడ దూరాలు ఉంటాయి, జెట్టీ నుంచి రాధానగర్ పది పన్నెండు కిలోమీటర్లు, స్కూటీ నడపగలిగితే అద్దెకు తీసుకోవడమే సుఖం, లేకపోతే ప్రతిసారీ ఆటోకి చేతి చమురు వదులుతుంది. నీల్ చిన్నది. పడవ దిగి నాలుగడుగులు వేస్తే భరత్‌పూర్ బీచ్, సైకిల్ మీదైనా దీవంతా తిరగొచ్చు. ఎక్కువ నడవలేని అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి నేను నీలే చెప్తాను, ఎవరేం అనుకున్నా సరే.

ఫోన్ విషయం కూడా చూసుకోండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ వచ్చాక పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్‌లలో నెట్ బాగా మెరుగైంది. నీల్‌లో అంత ఆశ పెట్టుకోకండి, ఆఫీసు కాల్ ఉందంటే ఆ రోజు హేవ్‌లాక్‌లోనో ఊళ్ళోనో ఉండేట్టు చూసుకోండి. పడవ టికెట్లు ప్రింట్ తీసుకోండి. చేతిలో నగదు ఉంచుకోండి, ఏటీఎం పని చేయని రోజూ, స్కాన్ చేస్తే చక్రం తిరుగుతూనే ఉండే రోజూ మీదే అవ్వొచ్చు.

## పెద్ద పడవ అక్కర్లేని దీవులు

పెద్ద పడవంటేనే భయపడేవాళ్ళు, లేదా రెండు రోజులే ఉన్నవాళ్ళు ఊళ్ళోనే మకాం పెట్టుకుని ఇవి చూడొచ్చు. రాస్ ఐలాండ్‌కి పావుగంట, ఇరవై నిమిషాలు. బ్రిటిష్ వాళ్ళ పాలన కేంద్రం అది, ఇప్పుడు చర్చి గోడలని మర్రి వేళ్ళు పట్టుకుని నిలబెట్టాయి, జింకలు జనం మధ్య తిరుగుతుంటాయి. దాంతో కలిపే నార్త్ బేకి పడవ ఉంటుంది, పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక బొమ్మలో కనిపించే లైట్‌హౌస్ అక్కడిదే. నీళ్ళ ఆటల మీద ఆసక్తి లేకపోతే నార్త్ బే మానేసి రాస్‌లోనే ఎక్కువసేపు ఉండండి.

పగడాలు చూడాలంటే వండూర్ నుంచి జాలీ బోయ్. ఊరి నుంచి వండూర్ ముప్పై కిలోమీటర్ల లోపే, జాతీయ పార్కు కాబట్టి పర్మిట్ ముందే తీసుకోవాలి, ప్లాస్టిక్ లోపలికి తీసుకుపోనివ్వరు, సోమవారం సెలవు. దాదాపు నవంబరు నుంచి మే దాకా జాలీ బోయ్ తెరిచి ఉంటుంది, మిగతా నెలల్లో రెడ్ స్కిన్ అనే పక్క దీవికి పంపుతారు.

## మీరు ఏ రకం?

పెద్దవాళ్ళతో వెళ్తున్నారా: హోటల్ కారు, మొదటి రాత్రి ఊళ్ళో, పొద్దున ప్రైవేటు పడవ. తెల్లవారి పడవలు ఎందుకంటే, చాలా రోజుల్లో గాలి పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది, పొద్దున సముద్రం కొంచెం నెమ్మదిగా ఉంటుంది.

కొత్తగా పెళ్ళయినవాళ్ళు: ఉదయం దిగే విమానం దొరికితే అదే రోజు హేవ్‌లాక్ వెళ్ళిపోండి, ఊళ్ళో ఉండాల్సిన రాత్రిని చివరికి నెట్టండి.

కాలికి బలపం కట్టుకుని తిరిగే ఒంటరివాళ్ళు: బస్సు, గవర్నమెంటు ఫెర్రీ. టికెట్ దొరకలేదా, ఇంకో రోజు ఊళ్ళో ఉండండి, చాతమ్ సా మిల్లు అనే పాత కలప కోత మిల్లు చూడండి, మీకు తొందరేముంది.

పదిమంది గుంపు: ఎవరేం చెప్పినా ప్రైవేటు పడవ, రెండు నెలల ముందే, అందరికీ ఒకే బుకింగ్‌లో. గవర్నమెంటు ఫెర్రీలో ఆరుగురికి దొరికి నలుగురు మిగిలిపోతే ఆ గొడవ ట్రిప్ అయ్యాక కూడా వాట్సాప్ గ్రూపులో నడుస్తుంది.

## తిరుగు ప్రయాణం

ఇప్పుడు మొదట చెప్పిన ఆ రాత్రి సంగతి. ఉదయం నీల్‌లో ఏడింటికి పడవ, పదకొండుకి పోర్ట్ బ్లెయిర్‌లో విమానం అని ప్లాను వేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. చాలా రోజుల్లో అది పనిచేస్తుంది కూడా. పనిచేయని రోజున మాత్రం విమానం టికెట్ పోతుంది, సీజన్‌లో అప్పటికప్పుడు కొత్త టికెట్ ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి.

గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, గవర్నమెంటువైనా ప్రైవేటువైనా. పడవ రద్దయితే పడవ టికెట్ డబ్బు తిరిగిస్తారేమో గానీ మీ విమానంతో వాళ్ళకి సంబంధం లేదు. నైరుతి రుతుపవనాలు దేశంలో అందరికంటే ముందు, మే నెల మూడో వారం ప్రాంతంలో అక్కడికే వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం తుఫాన్ల కాలం, అది డిసెంబరు దాకా సాగొచ్చు. మంచి సీజనే కదా అనుకోకండి, 2016 డిసెంబరు మొదటి వారంలో, తర్వాత వార్దా తుఫానై చెన్నై మీద పడిన ఆ వాయుగుండమే ముందు అండమాన్‌ని పట్టుకుంది. హేవ్‌లాక్, నీల్‌లలో దాదాపు 1,400 మంది పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావాల్సి వచ్చింది.

అందుకని ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో. మే నుంచి డిసెంబరు మొదటి వారం దాకా వెళ్తుంటే వీలైతే రెండు రాత్రులు. దీవి నుంచి బయల్దేరే పడవ కూడా ముందు రోజు పొద్దునది తీసుకోండి, అది రద్దయినా మధ్యాహ్నం ఇంకో పడవ ఉంటుంది, ఆ మధ్యాహ్నంది కూడా పోతే మర్నాడు తెల్లవారి పడవ ఒకటి మిగులుతుంది, విమానం మధ్యాహ్నం అయితే అప్పటికీ అందుకోవచ్చు. జైలు, రాస్, బజార్లో గవ్వల కొట్లు అన్నీ ఆ ఆఖరి రోజుకే దాచుకోండి. గవ్వలు, శంఖాలు కొంటే బిల్లు తీసుకుని జాగ్రత్తగా పెట్టుకోండి, బీచ్‌లో ఏరుకున్న పగడం ముక్కలు బ్యాగులో కనిపిస్తే ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు, వాటిని అక్కడే వదిలేసి రండి.